ఊడ్చిన గడప

మా అమ్మమ్మ ఎర్మెలిందా గనక రోములో పుట్టి ఉంటే నరకానికి ఈపాటికి తాళం పడేది. వచ్చేవాళ్లు లేక దయ్యాలు పొరుగూళ్లకు కూలికి పోయేవి. అంతటి మనిషిని దేవుడు ఈ కొండ కింద సోబ్రైరాలో, పన్నెండు కోళ్లకూ నలభై ఇళ్లకూ పెద్ద దిక్కుగా పెట్టి ఊరుకున్నాడంటే, పైన కూడా పనులు సరిగా జరగడం లేదన్నమాట.

చుట్టుపక్కల ఐదు ఊళ్ల గుళ్లకూ ఒకే ఫాదర్. ఆయన ఆదివారం వచ్చి పూజ చేసి వెళ్లిపోతాడు. మిగతా ఆరు రోజులూ ఊరి ఆత్మల పూచీ తనదేనని అమ్మమ్మ నమ్మకం. పాస్కాకు, అంటే ఈస్టరుకు, ముందు నలభై రోజుల తపస్సుకాలం మొదలైతే మోకాళ్ల నొప్పులు కూడా ఆమెకు భయపడి పారిపోతాయి. ఫాదర్ చెవిలో పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లేవాళ్లు ఏ పాపం మరిచిపోతారోనని గుడి మెట్ల మీదే నిలబడి గుర్తుచేస్తుంది.

"అబీలియో, మొన్న ట్రాక్టరు కింద పడుకుని తిట్టిన తిట్లు మర్చిపోకు. పదకొండు."

"తొమ్మిదే పెద్దమ్మా!"

"అబద్ధం. పన్నెండు చేసుకో."

ఈ ఏడాది పాస్కాకు వారం ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం తను కూడా లోపలికి వెళ్లి, ఊళ్లోవాళ్ల సంగతులన్నీ వరసగా చెప్పిందట. ఫాదర్ ఓపిగ్గా విని, "సరే ఎర్మెలిందా, ఊరందరివీ అయ్యాయి. నీదేమైనా ఉందా?" అన్నాడట. ఈ మాట ఎవరో మోసుకొచ్చింది కాదు. ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తి కుదేస్తూ ఆమే చెప్పింది. మూడు రోజులు గిన్నెలు మోగుతూనే ఉన్నాయి. నాలుగో రోజు ఫోను తీసి అదెలీనో మామయ్యకు చేసింది.

మామయ్య ఆమెకు ఒక్కడే కొడుకు. మొదటి పెళ్లి చెడిపోయాక, పట్నంలో రొజాలియా అత్తను గుడిలో కాకుండా ఆఫీసులో సంతకాలు పెట్టి చేసుకున్నాడు. పాస్కా రోజున గుడి సిలువ ఇంటింటికీ వస్తుంది, ఇంట్లోవాళ్లంతా ముద్దు పెట్టుకుంటారు. ఆ ఏడూ మా ఇంటికొచ్చింది. అందరూ మోకాళ్ల మీద ఉన్నారు. సిలువ రొజాలియా అత్త దాకా వచ్చింది. ఆమె ముద్దు పెట్టుకోబోతుంటే అమ్మమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు కాదు" అంది. ఆ రెండు ముక్కలు అనడానికి ఎంతసేపు పడుతుంది! అవి పన్నెండేళ్లు నడిచాయి. మామయ్య క్రిస్మస్‌కు వస్తాడు, ద్రాక్ష కోతకు వస్తాడు, అమ్మమ్మకు దగ్గు వస్తే వస్తాడు. పాస్కాకు మాత్రం రాడు.

"ఒరే, ఆదివారం రా."

"ఎందుకు?"

"మేకపిల్లను కొయ్యిస్తున్నా. తినేవాళ్లు లేరు."

"మరి రొజాలియా?"

"దానికీ పళ్లున్నాయిగా."

"సిలువ వచ్చినప్పుడో?"

అమ్మమ్మ ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది. తర్వాత అందులోకి అరిచింది. "ముందు అదే ముద్దు పెట్టుకుంటుంది! చాలా? ఇంకా కాగితం మీద రాయించి వేలిముద్ర వెయ్యమంటావా?"

పాస్కా ఉదయం కోడి కంటే ముందే లేచింది. గడప ముందు రోజ్‌మేరీ కొమ్మలు, వాటి మీద పచ్చటి ఆకులు, మధ్యలో ఎర్ర కమేలియా రేకులతో సిలువ ముగ్గు. మా ఊళ్లో గడప ముందు పూలుంటే సిలువ లోపలికి వస్తుంది. పూలు లేకపోతే దాటిపోతుంది. తలుపు తట్టడం, "ఉన్నారా" అని కేకెయ్యడం ఉండవు. ఇష్టం లేనివాళ్లను నలుగురిలో చిన్నబుచ్చకూడదని పాతవాళ్లు పెట్టిన మర్యాద అది. ముందుకు పోయిన సిలువ వెనక్కి తిరగదన్నది ఇంకో మర్యాద. రెండోది పాతవాళ్లు పెట్టారో అమ్మమ్మ పెట్టిందో తెలియదు గానీ, తప్పితే తిట్టేది మాత్రం ఆమే.

ఈసారి సిలువ మోసేది కరెంటు మీటర్లు చూసే తెల్మా. మామూలు రోజుల్లో ఆమె వస్తోందంటే కిటికీలు మూసుకునేవాళ్లు కూడా ఆ పూట ఆమె ముందు మోకరిల్లాలి. "మీటరు పిల్ల చేతికి సిలువా! రీడింగు రాసుకుని పోతుందేమో" అని అమ్మమ్మ వారం రోజులు సణిగింది.

పదిన్నరకు మామయ్య కారు వచ్చింది. ఎక్కడా చోటు లేనట్టు గడప దాకా తెచ్చి, ముగ్గు మీద నుంచి ఒక చక్రం పోనిచ్చి మరీ ఆపాడు. కమేలియా సిలువ నడుం విరిగింది. హారనుకు బెదిరిన కోళ్లు వచ్చి మిగతా సగం కెలికాయి.

"కళ్లు కారులో పెట్టి దిగావురా?" అంది అమ్మమ్మ. పన్నెండేళ్ల తర్వాత పాస్కాకు వచ్చిన కొడుక్కి స్వాగతం అది.

కారు వెనక్కి తీయించింది. వాళ్లను లోపల ముందుగదిలో కూర్చోబెట్టింది. బల్ల మీద తెల్లగుడ్డ, గుడ్ల కేకు, తియ్యటి సారా సీసా అన్నీ సిద్ధం. రొజాలియా అత్త కొత్త నీలం గౌను వేసుకుని, కుర్చీ అంచున, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అమ్మమ్మ చీపురు తీసింది. నలిగిన పూల మీద కొత్త పూలు చల్లితే ఏమయ్యేది? ఏమీ కాదు. కానీ ఆమె అలా చేసే మనిషి కాదు. మొదలంటా ఊడ్చి, రాయి కనిపించేలా కడిగి, కొత్త పూల కోసం ఇంటి వెనక చెట్టు దగ్గరికి పోయింది.

సరిగ్గా అప్పుడే సిలువ ముందు నడిచే అబీలియో చేతిగంట సందులో మోగింది. ఎర్ర పైబట్టలో తెల్మా సిలువ పట్టుకుని మా గుమ్మం ముందు ఆగింది. గడప అద్దంలా మెరుస్తోంది. ఒక్క రేకు లేదు. ఈ ఇంటి పాత సంగతి ఊరంతటికీ తెలుసు. గుమ్మం పక్కన మామయ్య కారు. తెల్మా ఆ కారునూ గడపనూ చూసి, తల వంచుకుని ముందుకు సాగిపోయింది.

ఒడినిండా కమేలియాలతో అమ్మమ్మ వచ్చేసరికి గంట సందులో కింది ఇంట్లో మోగుతోంది. మామయ్య గడప మీద నిలబడి, తడి రాయిని చూస్తున్నాడు.

"ఊడ్చేశావా అమ్మా?"

"ఊడ్చాను. అయితే?"

"సిలువ వచ్చే వేళకా?" మామయ్య గొంతు పెంచలేదు. "ఇంత తంటా ఎందుకు పడ్డావు? వద్దనుకుంటే ఫోనులోనే చెప్పాల్సింది."

"ఒరే గాడిదా! నీ చక్రం కాదుట్రా తొక్కింది! నీ హారను కాదూ కోళ్లను లేపింది!"

మామయ్య కారు తాళం జేబులోంచి తీశాడు. రొజాలియా అత్త సంచి భుజానికి వేసుకుని, "పర్లేదు అత్తయ్యా" అంది.

ఆ "పర్లేదు" అమ్మమ్మకు అరికాలి నుంచి నెత్తికెక్కింది. తిడితే తిట్టేది, ఏడిస్తే కసిరేది. పర్లేదంటే ఏం చెయ్యాలి! పన్నెండేళ్ల కింద అడ్డం పెట్టిన చెయ్యి చాపి కోడలి మణికట్టు పట్టుకుంది. చెప్పులు లేకుండా, పూల ఒడితో సహా సందులోకి దిగింది.

కింది ఇల్లు జుల్మీరాది. కాలువ నీళ్ల వంతు దగ్గర తొమ్మిదేళ్లుగా ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. మంగళవారం నీళ్లు నావంటే నావని ఒకళ్ల పార ఒకళ్లు లాక్కున్న రోజు నుంచి, జుల్మీరా ఇంటి వైపున్న కిటికీకి అమ్మమ్మ బీరువా అడ్డం పెట్టించింది.

జుల్మీరా గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆమె కాళ్ల దగ్గర పసుపుపచ్చ పూల పరుపు. లోపల సిలువ, మోకాళ్ల మీద మొగుడు.

"ఏమే ఎర్మెలిందా, దారి తప్పావా?"

"జరుగు. నా కోడలు సిలువ ముద్దుపెట్టుకోవాలి."

"మీ ఇంట్లో గడప లేదా?"

"ఊడ్చాను."

"ఎరుగుదుంలే, ఊడ్చి పారెయ్యడంలో నీ తర్వాతే ఎవరైనా. సరే, మంగళవారం నీళ్లు ఎవరివో చెప్పి రా."

"సిలువ ముందు నీళ్ల గొడవేంటే, సిగ్గు లేదూ?"

"సిలువ ముందే చెప్పు. అబద్ధం ఆడలేవుగా."

అబీలియో గంట మోగకుండా గుప్పిట్లో పట్టుకున్నాడు. సందులో కారు తలుపు తెరుచుకున్న చప్పుడు అయింది. అమ్మమ్మ దవడలు బిగించింది.

"సగం నీవి."

"సగమేనా?"

"మిగతా సగం వచ్చే పాస్కాకు చూద్దాం!"

జుల్మీరా పక్కకు జరిగింది. అమ్మమ్మ ఒడిలోని కమేలియాలను విసురుగా ఆ పసుపు పూల మీదే గుమ్మరించి, కోడల్ని ముందుకు తోసింది. "వెళ్లవే. ముందు నువ్వే."

"నా ఇంట్లో దాని కోడలు ముందా!" అని జుల్మీరా అంటూనే ఉంది. రొజాలియా అత్త మోకరిల్లి, సిలువకు పెదవులు ఆనించి, అలాగే ఉండిపోయింది. అమ్మమ్మ చెయ్యి ఆమె వీపు మీద ఉంది. తొందర పెట్టలేదు. అదొక్కటే ఆ రోజు జరిగిన అద్భుతం.

తర్వాత జుల్మీరా, ఆమె మొగుడు. ఒక్కొక్క ముద్దు తర్వాతా తెల్మా తెల్లగుడ్డతో సిలువ తుడుస్తుంది. మా ఇంట్లో అయితే రెండుసార్లు తుడవమని అమ్మమ్మ పట్టుబట్టేది. తన వంతుకు తెల్మా గుడ్డ ఎత్తితే, "చాల్లే, తుడిచి తుడిచి అరగ్గొట్టకు" అని, జుల్మీరా మొగుడు పెట్టిన చోటే ముద్దు పెట్టింది.

అప్పుడు చూసింది మామయ్యను. గుమ్మం అవతల, చేతిలో తాళంతో నిలబడి ఉన్నాడు. పూలు తొక్కడం లేదు, వెళ్లిపోవడమూ లేదు.

తెల్మా గదిలోంచి నాలుగడుగులు వెనక్కి నడిచి, సిలువను అతని దాకా తీసుకెళ్లింది. సిలువ వెనక్కి తిరగకూడదన్న సంగతి ఎవరూ గుర్తు చెయ్యలేదు. గుర్తు చేసే మనిషి గోడ వైపు తిరిగి ముక్కు చీదుకుంటోంది.

ఇంటికి వచ్చేటప్పుడు మళ్లీ మొదలు. కారు ఎవడు అలా పెడతాడు, మేక మాడిపోయి ఉంటుంది, తొమ్మిదేళ్ల నీళ్లలో సగం పోయాయి, అన్నీ మామయ్య వల్లే. రొజాలియా అత్త "పర్లేదు అత్తయ్యా" అనబోయి ఆగింది. "ఈసారి మీరే చూసి పెట్టించండి కారు" అంది. అమ్మమ్మ ఆమెకు మేకపిల్ల తొడ ముక్క వడ్డించింది.

ఇదంతా రాసి, వంటింట్లో బీన్స్ ఒలుస్తున్న ఆమెకు చదివి వినిపిస్తే, మధ్యలో ఒక్కసారీ తలెత్తలేదు. అంతా అయ్యాక మొదటి వాక్యం మళ్లీ చదవమంది. చదివితే ఇలా అంది:

"నరకానికి తాళం వెయ్యడమేంటే బుద్ధిలేనిదానా? మరి జుల్మీరా ఎక్కడికి పోతుంది?"