సుగుణబాయి ఇచ్చిన గరిటె

వెల్లుల్లి మీద నాకొక ఫిర్యాదుంది. ఒలిచేటప్పుడు పొట్టు వేళ్లను వదలదు, ఒలిచాక వాసన ప్రార్థనలో కూడా వదలదు. నిన్న ఆదివారం నాందేడులోని మా సంఘానికి పప్పు పోపు పెడుతుంటే ఆ వాసనకు సుగుణబాయి గుర్తొచ్చారు. ఆమె మరాఠీ బడిలో పంతులమ్మ. ఇక్కడ పంతులమ్మను బాయి అంటారు. రిటైరయ్యాక మా చిన్న సంఘానికి పెద్ద అయ్యారు.

అప్పట్లో నేను కాలేజీలో చదువుతున్నాను, అంటే హాజరు పట్టీలో పేరుండేది. ఆరాధన అయ్యాక అందరం కలిసి భోంచేసేవాళ్లం. ముందు వరుసల్లో ఊళ్లోని మరాఠీవాళ్లు, వెనక బిలోలి బస్సు దిగి వచ్చే మా తెలుగు కూలి కుటుంబాలు. వడ్డన ముందు నుంచి సాగేది. మా దాకా వచ్చేసరికి కోడికూరలో కోడి ఉండేది కాదు. "గీ కూర కోడిని దూరంకెల్లి సూశింది" అన్నాను. ఎవరూ నవ్వలేదు. రూతమ్మ అనే విధవరాలు విస్తరి మడిచి లేచింది. "అచ్చే వారం సంది మేం రాం. బిలోల్లనే పాటలు పాడుకుంటం." వెనక వరుసలన్నీ ఆమెతో పాటు లేచాయి.

బాయి బతిమాలలేదు. యెరూషలేములోని మొదటి సంఘంలోనూ ఇదే గొడవన్నారు. సంఘం పెరుగుతున్న రోజుల్లో, గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ భోజనం సరిగా అందలేదట. అపొస్తలులు ఏడుగురిని ఎన్నుకోమన్నారు. "గా ఏడుగురి పేర్లు సూడుర్రి, అన్నీ గ్రీకు పేర్లే. లొల్లి జేసినోళ్ల దిక్కుకే వడ్డన అప్పజెప్పిండ్రు" అని గరిటె తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీ నోరు మస్తు నడుస్తది గద బిడ్డా, ఇగ చెయ్యి నడిపియ్యి." రూతమ్మతో కలిపి ఏడుగురం, అందరం వెనక వరుసవాళ్లమే.

మరుసటి ఆదివారం నేను న్యాయం చేశాను. వెనక నుంచి మొదలుపెట్టి ముక్కలన్నీ మావాళ్లకే వేశాను. ముందు వరుసలకు షేర్వా మిగిలింది. అంత తృప్తిగా నేనెప్పుడూ వడ్డించలేదు. బాయి తన విస్తరి చూపించారు, అందులోనూ షేర్వానే.

"గిదేంది?"

"ఎట్లుంటదో ఆళ్లకు గూడ తెల్వాలె గద బాయీ."

"మొన్నటిదాంక ఎనక కూసున్నోడివి. వారంలనే మర్చిపోయినవా?"

రూతమ్మే దారి చెప్పింది: "వడ్డించేటోళ్లం ఆఖర్న తిందాం. గప్పుడు కూర అందరికి సరిపోతది." చిత్రంగా సరిపోయింది. బిలోలివాళ్లు సంఘం విడిచిపోవడం మానుకున్నారు. కొన్నాళ్లకు మరాఠీ ఆడవాళ్లు మారు వడ్డన కోసం రూతమ్మనే పిలవసాగారు. ఆ తర్వాత బిలోలి నుంచి మావాళ్లు బస్సుల నిండా దిగారు.

ఏళ్లు గడిచి పాత గది చాలక కొత్త హాలు కట్టుకున్నాం. అప్పటికే బాయి పెద్దరికం రూతమ్మకూ నాకూ అప్పగించి వెనక వరుసకు వెళ్లిపోయారు. ప్రతిష్ఠ రోజున తెలుగులో ఎత్తుకున్న పాటను మరాఠీ గొంతులు అందుకున్నాయి. జనం గుమ్మం దాటి నిలబడ్డారు. వినయంగా ఉండాలనుకున్నాను, వీలుపడలేదు. ముందు వరుసలో దండ వేసుకుని కూర్చుని, కర్ర ఊతంతో వచ్చిన బాయిని పిలిచాను.

"సూడుర్రి బాయీ, మన సంఘం ఎంత పెరిగిందో!"

ఆమె పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ ఏ సభలో ఎవరు కుర్చీ చూపించినా, నాకంటే ముందు ఆనాటి ఆమె మాట వచ్చి అందులో కూర్చుంటుంది. ఆ రోజు బాయి జనాన్ని చూశారు, నన్ను చూశారు.

"గంతమంది నిలవడ్డరు. నువ్వెందుకు కూసున్నవ్?"