రెండో ప్రాధాన్య ఎమ్మెల్సీ

నా పేరు సదానందం. కొత్తవాడల మగ్గం నేసే ఇంట్ల పుట్టిన. ఇరవై ఆరేండ్లు లెక్కల సారుగ పనిచేసిన, ఆరేండ్లు ఎమ్మెల్సీగ ఉన్న. రెండిట్ల ఏ పని మంచిగ చేసిన అని అడిగితే మా ఇంటామె నవనీత నవ్వుతది.

టీచర్లు ఓట్లేసి శాసనమండలికి పంపే సీటు అది. మా సంఘంల రెండు వర్గాలు కొట్లాడుకుంటుంటే, ఎవలకూ అడ్డంరాని మనిషని నన్ను నిలబెట్టిండ్రు. ఆ ఎన్నికల్ల ఇష్టమున్న వరుసల ఒకటి, రెండు, మూడు అని అంకెలేస్తరు. మొదటి అంకెలు లెక్కపెడితే నేను మూడోస్థానంల ఉన్న. వెనుకబడ్డోళ్లను ఒక్కొక్కలను తీసేసుకుంట వాళ్ల రెండో ఓట్లు పంచితే, పొద్దుగూకేవరకు గెల్చిన.

"అంటే నువ్వు ఎక్కువమందికి ఫస్టు కాదన్నట్టు" అన్నది నవనీత, నా మెడల దండ తీసి మేకుకు తగిలిస్తూ. "ఏం ఫికర్ లేదు. మా నాయిన చూసిన రెండో సంబంధమే నువ్వు."

మండలిల మొదటి ప్రసంగానికి పదకొండు పేజీలు రాసుకున్న. రెండు నిమిషాలిచ్చిండ్రు. గౌరవనీయులందరికీ నమస్కారం చెప్పేసరికి బెల్లు మోగింది. తెల్లారి పేపర్ల నా మాట ఒక్కటి రాలే. నేను ఆవులించే ఫోటో మాత్రం వచ్చింది.

నాలుగో ఏడు, పాలంపేట దిక్కు ఒక ఊరి హైస్కూల్ హెడ్మాస్టర్ యమున మేడం సుబేదారిల మా ఇంటికొచ్చింది. తమ బడిల రెండేండ్ల సంది లెక్కల సారు లేడన్నది.

"నేనున్న గదా మేడం" అన్న, ఛాతి విరుచుకొని.

పైకి ఉత్తరం రాసిన. 'పరిశీలనలో ఉన్నది' అని జవాబొచ్చింది. ఇంకోటి రాసిన. అదే జవాబు, తారీఖు ఒక్కటి మారింది. ఆ రెండు కాయితాలు చూపిద్దామని కారుల గన్‌మన్‌ను ఎక్కించుకొని ఆ బడికి పోయిన.

మేడం కాయితాలు చదువలే. చాక్‌పీస్ నా చేతుల పెట్టింది.

"మీరు లెక్కల సారే గద సార్. పదో తరగతి పిల్లలు కూసున్నరు."

త్రికోణమితి మొదలువెట్టిన. నాలుగు వరుసలు మంచిగనే నడిచినై. అయిదో వరుసల లెక్క మొండికేసింది. ఆ వరుస తుడిచి మళ్ల రాసిన. ముందు బెంచీల తేజస్విని అనే పిల్ల లేచింది.

"సార్, మూడో లైన్ల మైనస్ మర్చిపోయిండ్రు."

క్లాసంత నవ్వింది. వెనుక కూసున్న గన్‌మన్ ఓంప్రకాశ్ సుత నవ్విండు. ఆవులింత ఫోటో పడ్డనాడు కూడ అంత సిగ్గుపడలే.

వచ్చే శనివారం మళ్ల పోయిన, ఈసారి పుస్తకం చదువుకొని. అట్ల ప్రతి శనివారం పోయిన. ఓంప్రకాశ్ నాకంటే ముందుగాల తయారయ్యేటోడు. డిపార్ట్‌మెంట్ పరీక్షకు లెక్కలు పనికొస్తయట.

మళ్ల ఎన్నికలొచ్చినై. ఓడిపోయిన. జర ఓదారుస్తదని యమున మేడంకు ఫోన్ చేసిన.

"ఏమనుకోవద్దు సార్, మీకు ఓటెయ్యలే" అన్నది.

"ఎందుకు మేడం?"

"గెలిస్తే శనివారమే వస్తరు. ఓడితే రోజూ వస్తరని."

మస్తు కోపమొచ్చింది. రెండు దినాలు ఇంట్ల ముడుచుకొని కూసున్న. మూడోనాడు నవనీత టిఫిన్ డబ్బా కట్టి వాకిట్ల పెట్టింది.

"బడికన్న పో. ఇంట్ల కూసొని నాకు భాషణాలు చెప్పుడెందుకు?"

ఇప్పుడు బస్సుల పోతాన్న. ఆ బడికి ఇంకా లెక్కల సారు రాలే. మొన్న పదో తరగతి ఫలితాలల్ల ఇద్దరు లెక్కల్ల తప్పిండ్రు. వాళ్లను సప్లిమెంటరీకి తయారు చేస్తాన్న. అందుల భవాని అనే పిల్ల నిన్న అడిగింది.

"సార్, మీరు సుత మొన్న తప్పిండ్రట గదా?"

"తప్పిన బిడ్డా" అన్న. "పుస్తకం తియ్యి."