దించని నారి

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. మా వీధిలో ఎవరి పిల్లాడైనా జ్వరంతో పలవరిస్తే డాక్టరు కన్నా ముందు దర్గాకి తీసుకెళ్లి తాయెత్తు కట్టించేవాళ్లు. ముందు మాత్ర వేయండయ్యా అని చెప్పి నేను తిట్లు తినేవాణ్ణి. వినుకొండలో ఆంప్లిఫయర్లు, మిక్సర్లు బాగుచేసి బతుకుతున్నాను. అక్కర్లేని శబ్దం వచ్చిందంటే ఎక్కడో వైరు వదులైందని అర్థం, అంతే. ఇప్పటికీ నా నమ్మకం అదే. అందుకే దీన్ని నమ్మమని ఎవర్నీ బతిమాలను.

మేం దూదేకులవాళ్లం. పేరుకే కాదు, మా నాన్న మస్తాన్ నిజంగానే దూది ఏకి పరుపులు కుట్టాడు. మనిషంత పొడవున్న విల్లు ఉండేది ఆయనకి. దాన్ని పైనుంచి తాడుతో వేలాడదీసి, బిగించిన నారిని దూదికి ఆనించి, రెండు చివరలా లావుగా ఉండే చెక్కతో కొడితే ఝుమ్మని మోగేది. ఆ అదురుకి గట్టిపడ్డ దూది విడిపోయి గదంతా లేచేది. నాన్న కనుబొమల మీద దూది, మా అన్నంలో దూది. చివరికి ఆయన ఊపిరితిత్తుల్లోనూ అదే చేరిందని డాక్టర్లు చెప్పారు.

ఆయనకి ఒక పట్టింపు ఉండేది. సాయంత్రం పని ఆపగానే నారి దించాలి, అంటే ఒక కొసన ముడి జార్చి వదులు చేయాలి. దించకపోతే విల్లు వంపు చెడుతుంది, నారి పాడవుతుంది. మర్నాడు పెళ్లివాళ్లకి పరుపులు ఇవ్వాల్సి ఉన్నా సరే, ముందు నారి దించి ఆ తర్వాతే చేతులు కడుక్కునేవాడు. "బిగువు మీద వదిలేస్తే అది నిద్రపోదురా," అనేవాడు. చిన్నప్పుడు నాకది నవ్వులాటగా ఉండేది.

నా సంగతికి వస్తాను. రిపేర్లు తిండికి, మేడ మీద గది నా పిచ్చికి. అక్కడ నేను సొంతంగా కట్టుకున్న మాడ్యులర్ సింథసైజర్ ఉంది. చెక్క పెట్టె, దాని నిండా విడివిడి పలకలు, ఒక్కో పలక ఒక్కో పని చేస్తుంది. ఏ పలక నుంచి ఏ పలకకి వైరు పెడితే ఆ శబ్దం పుడుతుంది. షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లకి వింత వింత శబ్దాలు కావాలంటే నా దగ్గరికి వచ్చేవాళ్లు. నాన్న ఎప్పుడైనా మెట్లెక్కి వచ్చి, ఆ వైర్ల చిక్కు చూసి, "ఇన్ని పెట్టావు, ఇది ఒక్క దిండుకి సరిపడా దూది ఏకుద్దంట్రా?" అని ఆటపట్టించేవాడు.

ఆ పలకల్లో నాకు బాగా ఇష్టమైనది రింగ్ మాడ్యులేటర్. నాలుగు డయోడ్లు, రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు, నేనే సోల్డరింగ్ చేశాను. దానికి రెండు శబ్దాలు ఇవ్వాలి. అది వాటిని ఒకదానితో ఒకటి గుణించి మూడో శబ్దం ఇస్తుంది. గొంతు ఇస్తే పగిలిన గంటలా, తీగ ఇస్తే ఇనుములా వస్తుంది. ఇచ్చిన రెండూ మాత్రం విడిగా వినపడవు. ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి, ఈ కథంతా దాని మీదే ఉంది. రెండిట్లో ఏ ఒక్కటి మౌనంగా ఉన్నా బయటికి ఏమీ రాదు. సున్నాతో దేన్ని గుణించినా సున్నానే కదా.

పత్తి మిల్లు మీద సినిమా తీసే ఒకతను విల్లు శబ్దం కావాలన్నాడు. నాన్నకి చెబితే ఆయన మొహం వెలిగిపోయింది. ఎన్నో ఏళ్లుగా మూలన పడున్న విల్లుని తుడిచి, కొత్త నారి కట్టి, మేడ గదిలో ఫ్యాను కొక్కేనికి ఆయనే వేలాడదీశాడు. నేను గడియారాల్లో అలారం మోగించే ఇత్తడి బిళ్ల లాంటిదాన్ని విల్లుకి అతికించాను. విల్లు ఏమాత్రం అదిరినా ఆ బిళ్ల పట్టుకుంటుంది. దాని వైరు రింగ్ మాడ్యులేటర్ ఒక వైపు పెట్టి, రెండో వైపు సింథసైజర్ స్వరం ఇచ్చాను.

నాన్న కొట్టాడు. లోతైన బావిలో గంట మోగినట్టు వచ్చింది. ఆయన నవ్వి, మళ్లీ కొట్టబోయి, దగ్గు అందుకున్నాడు. ఆ దగ్గు ఆగలేదు. చెక్క చేతిలోంచి జారిపోయింది. మా అక్క భర్త కాశిం బావ కారు తెచ్చాడు, గుంటూరు తీసుకెళ్లాం. ఆ హడావిడిలో నారి సంగతి ఎవరికి గుర్తుంటుంది?

రెండ్రోజుల్లోనే వెంటిలేటర్ పెట్టారు. ఆ తర్వాత ఆయన కళ్లు తెరవలేదు.

అమ్మకి మోకాళ్ల నొప్పులు, గుంటూరు వచ్చి ఆసుపత్రి మెట్లెక్కలేదు. "మాట ఎటూ లేదు, ఊపిరి శబ్దమైనా వినిపించరా," అని ఫోనులో ఏడ్చింది. ఐసీయూలోకి వదిలిన కాసేపట్లో ఫోను నాన్న మొహం దగ్గర పెట్టి రికార్డు చేశాను. బట్టల కోసం ఇంటికి వచ్చిన మధ్యాహ్నం వినిపించాను. అమ్మకి కాస్త చెముడు. ఫోను చెవికి ఆనించినా తెలియడం లేదంది. మెల్లగా మేడ మీదికి ఎక్కించి కూర్చోబెట్టాను, పెద్ద స్పీకర్లో పెడదామని.

నిద్రలేక బుర్ర పనిచేయడం లేదు. ఎదురుగా వేలాడుతున్న వైరు లాగి ఫోనుకి పెట్టాను. అది స్పీకరుకి వెళ్లేది కాదు, రింగ్ మాడ్యులేటర్ రెండో వైపుకి వెళ్లేది. మొదటి వైపు విల్లు బిళ్ల అలాగే ఉంది. మామూలుగా అయితే ఏమీ వినపడకూడదు. విల్లు గాలికైనా ఊగకుండా కొక్కేనికి వేలాడుతోంది.

స్పీకర్లో ఝుమ్మని వచ్చింది.

ఊపిరి లోపలికి వెళ్లినప్పుడొకటి, బయటికి వచ్చినప్పుడొకటి. గాలి కలిసిన నారి శబ్దం. ఊపిరికీ ఊపిరికీ మధ్య పూర్తి నిశ్శబ్దం. తప్పు వైరు పెట్టానని నాకు అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక వైరు మీంచి చెయ్యి లాగేశాను. అమ్మ మాత్రం భయపడలేదు. పైట చెంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ఏకుతున్నాడురా మీ నాన్న," అంది.

నేను చేసిన పరీక్షలన్నీ చెబుతాను, ఎందుకంటే ఇది చదివి నాకు పాఠాలు చెప్పేవాళ్లు ఉంటారు. స్పీకరు అదురుకి నారి మోగుతోందేమోనని స్పీకరు ఆపేసి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. వచ్చింది. సత్తెనపల్లి వైపు వెళ్లే పత్తి లారీల అదురేమోనని రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగాను. వచ్చింది. డయోడ్లు ఒక్కోసారి రేడియోని పట్టేస్తాయి, అందుకని ఆ పలకని ఊడదీసి బియ్యం పోసే స్టీలు డబ్బాలో పెట్టి మూత వేశాను. అయినా వచ్చింది. నారి మీద అరచెయ్యి ఆనిస్తే ఆగిపోయింది. తీస్తే మళ్లీ వచ్చింది. నా చేతికి మాత్రం ఏ అదురూ తగల్లేదు.

ఫోనులో నా ఊపిరి రికార్డు చేసి అదే వైరులో పెట్టాను. ఏమీ రాలేదు. అమ్మ ఊపిరి పెట్టాను. రాలేదు. నాన్నది పెడితేనే వచ్చింది.

హైదరాబాదులో సర్క్యూట్లు డిజైన్ చేసే స్నేహితుడికి ఫోను చేశాను. డయోడ్లు సరిగ్గా జత కుదరక ఒక వైపు శబ్దం లీకవుతోందన్నాడు. నేనూ ముందు అదే అనుకున్నాను. లీకైతే ఎవరి ఊపిరైనా లీకవ్వాలిగా? పైగా లీకయ్యేది ఊపిరి, నారి శబ్దం ఎక్కణ్ణుంచి వస్తుంది? అతను, "ఒరేయ్, నువ్వు కాస్త పడుకో," అన్నాడు.

ఆ వారంలోనే పెద్ద డాక్టరు నన్నూ బావనీ గదిలోకి పిలిచాడు. మెదడు పనిచేయడం లేదు, మిషను నడిపినంత కాలం నడుస్తుంది, ఇంటికి తీసుకెళ్లడం గురించి ఆలోచించుకోండి అన్నాడు. ఆ మాటకి అర్థం ఏంటో మనందరికీ తెలుసు. బయటికి రాగానే బావ నా భుజం మీద చెయ్యేసి, "మావయ్యని ఇంక బాధపెట్టొద్దు నాగూర్," అన్నాడు.

కుదరదన్నాను. నాన్న ఇంకా ఉన్నాడన్నాను. ఎలా తెలుసని అడిగితే ఏం చెప్పను? మేడ మీద విల్లు మోగుతోందని చెబితే పక్క వార్డులో నన్ను చేర్పించేవాడు. కొడుకుని నేనే కాబట్టి నా మాటే చెల్లింది.

ఆ తర్వాతి రోజుల్లో నాన్న ఒళ్లు ఉబ్బిపోయింది. వీపున పుండ్లు పడ్డాయి. దూదిని అంత సుతారంగా విడదీసిన వేళ్లు నల్లబడ్డాయి. లోపలికి వెళ్లిన ప్రతిసారీ ఆయన మొహం చూడకుండా ఫోను పెట్టి ఊపిరి రికార్డు చేసుకుని వచ్చేవాణ్ణి. వీలైనప్పుడల్లా మధ్యాహ్నం రైలెక్కి ఇంటికొచ్చి వైరు పెట్టేవాణ్ణి. ఝుమ్మని వస్తే చాలు, అమ్మయ్య అనుకునేవాణ్ణి. ఆయన్ని నేనే బతికిస్తున్నానన్నంత గర్వం కూడా ఉండేది, దాచడం ఎందుకు.

శబ్దం మాత్రం మారుతూ వచ్చింది. ముందున్న గుండ్రదనం పోయి గరగరలాడుతోంది. చూస్తే నారి మధ్యలో పోగులు లేచి ఉన్నాయి, రోజంతా దూది ఏకిన నారికి లేచినట్టు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ గదికి తాళం వేసి, తాళంచెవి అమ్మకి ఇచ్చి వెళ్లేవాణ్ణి. ఆ మోకాళ్లతో అమ్మ ఒక్కతే మెట్లెక్కలేదు.

ఒక రోజు అమ్మ వింటూ వింటూ చెయ్యెత్తి ఆపమంది.

"మీ నాన్న ఇంతసేపు ఎప్పుడూ ఏకలేదురా," అంది. "సాయంత్రమైతే దించేసేవాడు. ఈసారి ఎవరూ దించలేదు. ఎవరూ దించలేదని ఇంకా ఏకుతానే ఉన్నాడు."

"అలాంటి మాటలు మాట్లాడకమ్మా."

"నా మాట విను నాగూరూ. నారి దించు."

నాకు పిచ్చి కోపం వచ్చింది. ఎందుకంటే అది నాకూ తట్టింది, తట్టినదాన్ని నొక్కిపెట్టాను. దించితే ఆ శబ్దం ఉండదు. శబ్దం లేకపోతే డాక్టరు చెప్పిందే నిజం. ముట్టుకున్నావంటే ఊరుకోనని కన్నతల్లి మీద అరిచి, ఆవిణ్ణి కిందికి దింపి, గదికి తాళం వేశాను. తాళంచెవి ఈసారి జేబులో పెట్టుకుని గుంటూరు వెళ్లిపోయాను.

మర్నాడు సాయంత్రం ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్నాను. మిర్చి యార్డు నుంచి వచ్చే ఘాటుకి అందరూ తుమ్ముతున్నారు. గాజు తలుపులోంచి నాన్న పాదాలు, కప్పిన దుప్పటి కనపడుతున్నాయి, అంతే. మిషను తోసినప్పుడల్లా దుప్పటి లేస్తోంది, పడుతోంది. ఎన్ని రోజులుగానో చూస్తున్నదే. ఆ సాయంత్రం మాత్రం నాకు ఏకుతున్న మనిషే కనపడ్డాడు. దూది అయిపోయినా, చేతులు పడిపోయినా, నారి బిగువు మీదే ఉంది కాబట్టి కొడుతూనే ఉన్న మనిషి. బావకి ఫోను చేశాను. తాళం పగలగొట్టి విల్లు నారి దించమన్నాను. ఎందుకని అడిగాడు. "అమ్మని అడుగు బావా, ఎలా దించాలో ఆవిడకి తెలుసు," అని పెట్టేశాను.

కాసేపటికి బావ తిరిగి ఫోను చేశాడు. తన చెయ్యి పట్టుకుని అమ్మ మెట్లెక్కిందట. నారిని ఒకసారి నిమిరి, బిస్మిల్లా అని, ముడి జార్చిందట. బావ ఇంకా మాట్లాడుతుండగానే లోపల్నుంచి నర్సు పరిగెత్తుకొచ్చి నన్ను పిలిచింది.

మిషను ఇంకా గాలి తోస్తూనే ఉంది. గుండె ఆగిపోయింది.

నాన్న పోయిన నలభయ్యో రోజు ఫాతిహా చదివించాక ఒక్కణ్ణే మేడ ఎక్కాను. వైర్లన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అదే డయోడ్లు, అదే రోడ్డు, అవే లారీలు. నాన్న ఊపిరి రికార్డులు వరసగా పెట్టాను. వదులైన నారి కొక్కేనికి వేలాడుతోంది. ఒక్కదానికీ ఏమీ రాలేదు. సర్క్యూట్ లెక్క ప్రకారం ఎలా ఉండాలో అలాగే, పూర్తి నిశ్శబ్దం. అంతకు ముందు పట్టి ఉంచిన శబ్దం ఫైళ్లు నా దగ్గర ఉన్నాయి. వాటిలో నారి ఇప్పటికీ మోగుతోంది. స్నేహితుడికి పంపాను.

మిగిలిన పరీక్ష ఒక్కటే. నారి మళ్లీ బిగించి, ఊపిరి పెట్టి చూడాలి. మెకానిక్కు అనేవాడు చేయాల్సిన పనే అది. ఒకసారి ముడి దాకా చెయ్యి వెళ్లింది కూడా. కింద నుంచి అమ్మ ఎలా పసిగట్టిందో, మెట్ల దగ్గర నిలబడి కేకేసింది.

"పని అయిపోయి పడుకున్న మనిషిని మళ్లీ లేపుతావంట్రా?"

చెయ్యి తీసేశాను. ఏం జరిగిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. అన్ని రోజులు ఆ శబ్దంలో నాన్న తనని ఉండనివ్వమన్నాడో, వదిలెయ్యమన్నాడో అదీ తెలియదు. విల్లు ఇంకా ఆ కొక్కేనికే ఉంది, నారి వదులుగానే ఉంది.