ఇంటి పన్ను ఎవరు కట్టారని అడిగిన మావయ్య

నిన్న పొద్దున అమ్మ ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తన తమ్ముడు, మా రమణ మావయ్య, పోయాడని చెప్పడానికి నోరు రాలేదు. స్పీకర్‌లో అత్త ఏడుపు విని నాకే అర్థమైంది.

హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే.

నాన్న చొక్కా వేసుకుని, మళ్ళీ విప్పి, మంచం మీద కూలబడ్డారు.

పోయిన జూలై నుంచి ఆయనకీ మావయ్యకీ మాటల్లేవు.

రమణ మావయ్య మీలో చాలామందికి తెలుసు. బెల్లం మార్కెట్ దగ్గర మేడ మీద గదిలో ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌లు వేసేవాడు. 'మినహాయింపు' అనే మాట నేను మొదట విన్నది ఆయన దగ్గరే. ఎంత బాగుందో అంటే నవ్వాడు.

ఆ జూలైలో నాన్న సంచీ నిండా బిల్లులు పట్టుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. పరవాడ కంపెనీల్లో పనిచేసేవాళ్ళకు అద్దెకిచ్చిన మా పోర్షన్లకు రంగులు, మోటార్ రిపేరు, బాత్రూమ్ తలుపు. అన్నీ అద్దెలోంచి తీసేసి చూపించమన్నారు.

మావయ్య సంచీ విప్పలేదు. రిపేర్లు చేయించినా చేయించకపోయినా అద్దెలో ముప్పై శాతం ఎలాగూ తీసేస్తారని, దానిపైన ఈ బిల్లులు చెల్లవని చెప్పాడు. ఇంటి పన్ను మాత్రం విడిగా చూపించొచ్చట, ఓనరే కట్టి ఉంటే.

"మరి కట్టింది నువ్వేనా బావా?"

నాన్న సంచీలోంచి ఇంటి పన్ను రసీదు తీసి చూపించారు. మా వీధిలో అందరిలాగే మేమూ ఇంటి పన్ను అద్దెకున్నవాళ్ళ చేతే కట్టిస్తాం.

"రసీదు నా పేరునే ఉంది కదేటి. ఎవడు సూత్తాడు?"

"నాను సూసేను కదా బావా."

నాన్న మొహం ఎర్రబడింది. పక్క వీధిలో రిటర్న్‌లు వేసే ఇంకొకాయన లేని హోమ్ లోన్‌కి కూడా వడ్డీ చూపించి రీఫండ్ తెప్పిస్తున్నాడని, సొంత బావమరిదివై ఉండి నువ్వు గవర్నమెంట్ వైపా అని అరిచారు.

"ఆడి దగ్గిరికే ఎల్లు బావా. సంతకం నీది. రేపు నోటీసొత్తే మాత్రం నా దగ్గిరికే రా."

నాన్న సంచీ లాక్కుని మెట్లు దిగిపోయారు.

రిటర్న్ వేయడానికి చివరి తేదీ మర్నాడే. ఆ సాయంత్రం నాన్న నా చేత ఫోన్ చేయించారు, మావయ్యని రిటర్న్ ఎలా వేయాలో అలాగే వేసేయమని. తను మాత్రం ఫోన్ పట్టుకోలేదు.

మావయ్య వేశాడు. ఫీజు తీసుకోలేదు.

"కోపం తగ్గేక టీకి రమ్మను మీ నాన్నని" అన్నాడు.

నాన్న వెళ్దాంలే, వెళ్దాంలే అంటూనే రోజులు గడిచిపోయాయి.

నిన్న శ్మశానం నుంచి వచ్చి స్నానం చేశాక, తల కూడా తుడుచుకోకుండా నాన్న కింద పోర్షన్ తలుపు కొట్టారు. ఈ ఏడు ఇంటి పన్ను మీరు కట్టొద్దు, నేనే కడతానని చెప్పి వచ్చేశారు.

మావయ్యా, నాన్న టీకి రాలేకపోయారు. నువ్వడిగినదానికి మాత్రం నిన్న జవాబు చెప్పారు.

వెళ్ళిరా. ఇంక ఎవరి రిటర్న్ గురించీ నీకు బెంగ వద్దు, ప్రశాంతంగా ఉండు.