హిందీ వచ్చిన కోడలు

మా అత్తగారింట్లో ఎన్నో ఏళ్లుగా సాగుతున్న అన్నం తినే వరసను నేను ఒక్క వాక్యంతో తలకిందులు చేశాను. ఆ వాక్యాన్ని హిందీలోంచి తెలుగులోకి మార్చి చెప్పాను. అసలు హిందీలో అది లేనే లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తప్పు పూర్తిగా నాది కాదండీ. పెళ్లిచూపులప్పుడు మా బాపు గొప్పకు పోయి "మా పిల్లకు హిందీ మస్తు వస్తది" అనేశాడు. నాకు వచ్చిన హిందీ పదో తరగతి పరీక్ష గట్టెక్కడానికి సరిపోయినంత. అదీ ఆవు మీద వ్యాసం రాయమంటేనే. నల్లగొండ నుంచి హాలియాకు కాపురానికి వచ్చేసరికి నా హిందీ నాకంటే ముందే ఊరు చేరింది.

ఎనభైల చివరి రోజులవి. కాలువ కింద వరి బాగా పండిందని మామయ్య బ్లాక్ అండ్ వైట్ టీవీ కొన్నాడు. ఆదివారం సాయంత్రం హిందీ సినిమా వచ్చేది. వాడకట్టు ఆడవాళ్లంతా మా ఇంట్లో చేరేవాళ్లు. అత్తమ్మ నన్ను టీవీ పక్కన పీట వేసి కూర్చోబెట్టి "మా కోడలు చెప్తది, ఇనుండ్రి" అనేది.

కొట్లాటల సినిమాలైతే నాకు ఇబ్బంది లేదు. ఎవడు మంచోడో, ఎవడు దొంగో దెబ్బలే చెప్పేవి. కానీ ఇంకో రకం సినిమాలు కూడా వచ్చేవి. వాటిలో హీరోయిన్ మంచుకొండల్లో పాడదు. సిటీ బస్సులో నిలబడి పోతుంది, కూరగాయల దగ్గర బేరమాడుతుంది, రవిక చంక కింద పిగిలితే కొంగు కప్పుకుంటుంది. అత్తమ్మకు ఆ ఆడవాళ్లంటే ప్రాణం.

"గీమె అచ్చం మన లెక్కనే ఉన్నది బిడ్డా. ఏమంటాందో జర సక్కగ చెప్పు" అనేది.

మన లెక్కన ఉండే ఆడవాళ్లతో గోల ఏమిటంటే, వాళ్లు మాట్లాడుతూనే ఉంటారు. ఒక ఆదివారం అలాంటి ఒకావిడ వంటింట్లో నిలబడి, మొగుడివైపు చూస్తూ, కళ్లనీళ్లు కారుతుండగా చాలాసేపు మాట్లాడింది. నాకు "మీరు", "నేను", "రోజూ" అన్న ముక్కలు తప్ప ఏమీ అందలేదు.

"ఏమంటాంది బిడ్డా?" అంది అత్తమ్మ. అందరి కళ్లూ నా నోటి మీదే ఉన్నాయి.

"రోజూ మీరంతా తిన్నంక అడుగూ బొడుగూ నేను తింటున్న. నాక్కూడ ఆకలైతది. ఇగ నుంచి మీ పక్కన కూసునే తింట, అంటాంది" అన్నాను.

అదెందుకు వచ్చిందో నోట్లోకి. మా ఇంట్లో మగవాళ్లు తిన్నాకే ఆడవాళ్లు తినాలి. ఆ మధ్యాహ్నం నాకు దక్కింది మాడిన అడుగన్నం, నీళ్ల చారు. బహుశా మాట్లాడింది నా కడుపే.

ఎవరో ముక్కు చీదారు. అరుగు మీద బీడీ కాలుస్తున్న మామయ్య కూడా లోపలికి తొంగిచూశాడు.

మర్నాడు మామయ్య పళ్లెం ముందు కూర్చోగానే అత్తమ్మ ఇంకో పళ్లెం తెచ్చుకుని పక్కన కూర్చుంది.

"ఏందే?" అన్నాడు మామయ్య.

"అన్నం తింట."

"గిప్పుడా?"

"గిప్పుడే ఆకలైతాంది."

"మరి నాకెవలు వడ్డిస్తరు?"

"గిన్నె నీ ముంగటనే ఉన్నది. చెయ్యి గూడ ఉన్నది."

మామయ్య గరిటెను తేలును పట్టుకున్నట్టు కొసన పట్టుకున్నాడు. సగం పప్పు పళ్లెంలో పడింది, సగం ధోతి మీద పడింది.

"ఇదంత ఎవలు నేర్పిండ్రు నీకు?"

"సినిమాల ఆమె చెప్పింది. కోడలు తెలుగుల చెప్పలేదా?"

మా ఆయన నావైపు చూశాడు. నేను ఇంటి దూలంవైపు చూశాను.

కొద్ది రోజుల్లోనే వాడకట్టులో చాలా ఇళ్లలో రెండేసి పళ్లేలు పడ్డాయి. మగవాళ్లు వచ్చి మామయ్య దగ్గర మొత్తుకున్నారు. "అన్నా, గా టీవీ అన్న అమ్ము, లేకుంటే మీ కోడలిని తెలుగు సినిమాలే చూడమను."

అంతటితో ఆగినా బాగుండేది. అత్తమ్మ ఆ సినిమాను మళ్లీ చూడాలంది. మా ఆయన నల్లగొండలో క్యాసెట్ వెతికి, వీసీఆర్ కిరాయికి తెచ్చాడు. సరిగ్గా అదే రోజు మా పక్కింటి రబియా చిన్నమ్మ, పాలమూరులో బిడ్డ కాన్పు చూసుకుని తిరిగొచ్చింది. వాళ్లింట్లో మాట్లాడేది ఉర్దూ. సినిమాలో ప్రతి ముక్కా ఆమెకు అర్థమవుతుంది.

"చిన్నమ్మా, ప్రయాణం జేసి అలిసిపోయినట్టున్నరు. జర పండుకోరాదుండ్రి" అన్నాను.

"బస్సులనే పండుకున్న బేటీ. సినిమా చూస్త" అంది ఆమె, టీవీకి దగ్గరగా జరుగుతూ.

ఆ వంటింటి సీను రానే వచ్చింది. మగవాళ్లంతా కిటికీ దగ్గర మూగారు. నేను నోరు తెరవబోతే అత్తమ్మ ఆపింది. "ఇయ్యాల నువ్వు ఊకో. రబియా చెప్తది."

రబియా చిన్నమ్మ విన్నది. కనుబొమలు ముడిపడ్డాయి. తిరిగి నా మొహం చూసింది. నేను సంతకు తోలుకొచ్చిన గొర్రెలా ఉండి ఉంటాను. ఆమె గొంతు సవరించుకుంది.

"నాకూ ఆకలైతది, పక్కన కూసునే తింట అంటాంది" అంది. ఆగి, మళ్లీ అంది. "ఇంక ఉన్నది. తిన్నంక ఎవరి పళ్లెం వాళ్లే కడగాలె, అంటాంది."

"గది పోయినసారి చెప్పలేదు గద" అన్నాడు మామయ్య కిటికీలోంచి.

"పోయినసారి కోడలికి సక్కగ ఇనబడలేదేమో అన్నా."

మర్నాడు గోడ దగ్గర ఆమెను పట్టుకున్నాను. "చిన్నమ్మా, అసలు ఆమె ఏమన్నది?"

"గ్యాస్ అయిపోయిందంట. రోజూ చెప్తున్న, మీరు మర్శిపోతున్నరు, ఇయ్యాలన్న తెండ్రి అంటాంది. గంతే."

"మరి మీరెందుకు గట్ల చెప్పిండ్రు?"

"కిటికీ కాడ మా ఆయన గూడ నిలవడ్డడు గద బేటీ."

సాయంత్రం అత్తమ్మ చేటలో బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని నిజం చెప్పేశాను.

"అత్తమ్మా, నాకు హిందీ రాదు. గా మాట నేనే కల్పించిన."

ఆమె తల ఎత్తలేదు. "ఎరుకనే బిడ్డా. ఆమె చేతుల ఉల్లిగడ్డ ఉండె. కండ్లల్ల నీళ్లు గందుకే. మాటిమాటికి పొయ్యి దిక్కు చూపెడుతాంది. ఇన్నేండ్లు పొయ్యి కాడనే ఉన్న, గా మాత్రం తెల్వదా?"

"మరి అప్పుడే ఎందుకు అనకపోయిండ్రు?"

"గా మాట నేను చెప్తే మీ మామ ఇంటడా? మొగోళ్లు నమ్మాలెనని రబియాతోని గూడ చెప్పిచ్చిన, గామె గూడ మనసొంటిదే గద." రాయి ఏరి పారేసింది. "గా దినం నువ్వు సగం కడుపుతోనే లేసినవ్. చూసిన. మీ మామను ఎట్ల అడగాల్నో తెలువక ఊకున్న. నువ్వే అన్నవ్."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడ ఉల్లిగడ్డ ఏమీ లేదు.

వెంటనే చేట మీద చెయ్యి పెట్టి గంభీరంగా ఒట్టు వేశాను, రాని భాషలోంచి ఇక ఈ జన్మలో ఒక్క ముక్క కూడా తెలుగులోకి మార్చనని. ఆ ఒట్టు ఆదివారం దాకా నిలబడింది. ఆ సాయంత్రం సినిమాలో ఒకావిడ మొగుణ్ని ఏదో అడుగుతుంటే, అత్తమ్మ నా చెవి దగ్గరికి వంగింది.

"మీ మామ అరుగు మీదనే ఉన్నడు. జర గట్టిగ చెప్పు. వారానికొక్క పూట మొగోళ్లే వండాలె అంటాంది గద?"