ఆటోలో మా స్పానిష్

మా ఊరు హిమాయత్‌నగర్ నుంచి, సిటీలోది కాదు, మొయినాబాద్ పోయే షేర్ ఆటోలో నేనూ అక్కా స్పానిష్‌లోనే మాట్లాడుకునేవాళ్లం. సొంత అక్క కాదు, మా వీధిలో చర్చి పక్కింటి ఆమె. సిటీలో ఇద్దరిదీ ఒకటే ఆఫీసు. స్పెయిన్ కస్టమర్ల మెయిళ్లకు జవాబులు రాసే పని. స్పానిష్‌లో పై స్థాయి పరీక్ష పాసైతే మంచి టీమ్‌లోకి మారుస్తామన్నారు. అందుకే ఆటోలో తెలుగు మాట్లాడొద్దని అక్క షరతు పెట్టింది.

మాకు కొరుకుడు పడనిది ఒకటుండేది. కోరిక, భయం, అనుమానం చెప్పేటప్పుడు ఆ భాషలో క్రియ రూపమే మారిపోతుంది. ‘అతను వస్తాడు’ అనడానికి ఒక రూపం, ‘అతను రావాలని కోరుకుంటున్నాను’ అనడానికి ఇంకొకటి. నేను తప్పినప్పుడల్లా అక్క మోచేత్తో పొడిచేది.

“మల్ల తప్పినవ్. కోరికున్నది గదనే, రూపం మార్చు!” అని తెలుగులో అనేసి, తన షరతు తనే మరిచినందుకు నవ్వేది.

ఒక పొద్దున ఆటో ఊరు దాటేదాకా అక్క నోరు తెరవలేదు. ఎదురుగా ఆమె ఆడబిడ్డ కూర్చుని ఉంది. అప్పుడు స్పానిష్‌లో, పాఠం అప్పజెప్పినట్టు మెల్లగా చెప్పింది. చేవెళ్ల దవాఖానలో చూపించుకుందట. వాళ్లు సిటీకి పొమ్మన్నారట. కడుపులో గడ్డ, బాగా ముదిరిందని సిటీలో తేల్చారట.

“నో కియెరో కె లో సెపాన్” అంది చివర్లో. ఇంట్లోవాళ్లకు తెలియడం నాకిష్టం లేదు. బిడ్డ ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా.

క్రియలన్నీ సరిగ్గా వచ్చాయి. నాకు ఏడుపు ఆగలేదు.

“ఏమైందే ఆ పిల్లకు?” అంది ఆడబిడ్డ.

“ఏం లేదొదినె. పాఠం కష్టమున్నదట.”

బావకైనా చెప్పమని నేను ఎన్నిసార్లు బతిమాలినా వినలేదు. ఆఫీసులో పర్మిషన్ అడిగి నేనే దవాఖానకు తోడు వెళ్లేదాన్ని. నొప్పి ఎంతుందో, రాత్రి నిద్ర పట్టిందో లేదో, అన్నీ ఆటోలో అందరి మధ్యా చెప్పుకునేది. ఎవరికీ అర్థమయ్యేది కాదు.

పరీక్షలైన సాయంత్రమే ఇంట్లో చెప్పింది. వానాకాలం మధ్యలో పోయింది. చర్చి వెనక స్మశానంలో పెట్టారు.

కొన్నాళ్లకు ఆమె బిడ్డ మా ఇంటికి వచ్చింది.

“అమ్మ నీకు ముందే చెప్పిందట గద పిన్నీ. ఏమని చెప్పింది?”

తెలుగులో మొదలుపెట్టడం నా వల్ల కాలేదు. అక్క అన్నది అన్నట్టే ఆ భాషలో చెప్పి, తర్వాత అర్థం చెప్పాను. పిల్ల తల వంచుకుని విన్నది.

“నాకు చెప్పకుంటే చెప్పకపాయె. బాపుకన్న చెప్పొద్దా? పరీక్షలు మల్ల రాసుకుందును గద పిన్నీ.”

పెట్టిన చాయ్ తాగకుండానే లేచి వెళ్లిపోయింది. ఆ తర్వాత తండ్రీ బిడ్డా ఆలూరులో చుట్టాల దగ్గరికి మారారు. ఆ ఇంట్లో ఇప్పుడు కిరాయికి వేరేవాళ్లు ఉంటున్నారు.

స్పానిష్ పరీక్షకు ఒక్కదాన్నే వెళ్లాను. ఫలితం వచ్చినరోజు మా అవ్వ పెరట్లో చిక్కుడుకాయ కోస్తోంది.

“పాసైన అవ్వా.”

“మంచిగయ్యింది బిడ్డా” అంది. “మీ అక్క ఉంటే ఎంత సంబరపడునో” అని ఇంట్లోకి వెళ్లిపోయింది.