మా ఇంట్లో ఏడవని పిల్లాడు

మా అక్క కొడుక్కి అప్పుడు రెండేళ్ల నాలుగు నెలలు. వచ్చిన మాటలు మూడే: అమ్మ, పాలు, వద్దు. చెవుల పరీక్ష చేయిస్తే వినికిడి బాగానే ఉందన్నారు. పిల్లల డాక్టరుగారు చెప్పిన మీదట, ప్రతి మంగళవారం పిల్లలకి మాటలు నేర్పే ఒకావిడ స్కూటీ మీద అక్క వాళ్లింటికి రావడం మొదలుపెట్టారు. నేనూ అక్కడే ఉండేదాన్ని. మంగళవారాలు నాకు వారపు సెలవు.

ఆవిడ బొమ్మలేం తెచ్చేవారు కాదు. వంటింట్లో కింద కూర్చుని, గిన్నెలూ మూతలూ వాడి ముందు పెట్టేవారు.

"మీరు చేసే పని పైకి చెబుతూ చెయ్యండమ్మా. వాడికి అదే పాఠం."

"వంకాయ తరుగుతున్నానని వంకాయకే చెప్పాలా అండీ?" అంది అక్క.

"వంకాయ వినదు లెండి. వీడు వింటాడు."

అక్క మొదలుపెట్టింది. రెండు మాటలకే గొంతు తగ్గిపోయింది. తర్వాత పెదాలు మాత్రం కదిలాయి.

మూడో మంగళవారం డబ్బా మూత కింద వాడి వేలు నలిగింది. నోరు తెరిచాడు. ఏడుపు బయటికి వచ్చేలోపే తన చేత్తో తనే నోరు మూసుకున్నాడు. కళ్ల నిండా నీళ్లు, చప్పుడు మాత్రం లేదు.

మాకది కొత్త కాదు. చుట్టాలంతా మెచ్చుకునే గుణం అది. "ఎంత బుద్ధిమంతుడే, పెళ్లిలో కూడా కిక్కురుమనలేదు" అని మా అత్తయ్య అన్న రోజు, అక్క ఇంటికి రాగానే ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది.

ఆవిడ వాడి వేలు ఊదుతూ, "ఇలా మూసుకోవడం ఎవరు నేర్పారమ్మా?" అన్నారు.

"ఎవరూ నేర్పలేదండీ. మొదట్నుంచీ అంతే, బంగారుకొండ. వాడు..."

అప్పుడే కింద ఏదో బైకు వచ్చి ఆగింది. అక్క చెయ్యి వెళ్లి వాడి నోటి మీద పడింది. చాలా మెత్తగా. ఊపిరి బిగబట్టి గుమ్మం వైపు చూసింది. బెల్లు మోగలేదు. బైకు వెళ్లిపోయింది. అక్క చెయ్యి తీసి, "వాడు రాత్రుళ్లు కూడా లేవడండీ" అని ఆపిన చోటి నుంచే అందుకుంది.

"ఎవరొస్తారని చూశారమ్మా?"

"ఎప్పుడండీ?"

అక్కకి నిజంగానే తెలియదు. నాకు తెలిసింది. గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

చిన్నప్పుడు కంకిపాడు ఇంట్లో, ధాన్యం బస్తాల వెనక, అదే చెయ్యి నా నోటి మీద ఉండేది. నాకు నాలుగేళ్లు, అక్కకి తొమ్మిది. గేటు దగ్గర నాన్న బైకు ఆగగానే నన్ను అక్కడికి లాక్కుపోయేది. నేను ఏడిస్తే మేమెక్కడున్నామో నాన్నకి తెలిసిపోతుంది. బెల్టు దెబ్బ ముందు అక్క మీదే పడుతుంది. ఈ సంగతి డైరీలో ఎన్నోసార్లు రాశాను. ప్రతిసారీ అక్క ప్రేమ అనే రాశాను. అది ప్రేమే. కానీ నాన్న పోయి ఐదేళ్లయింది. బావ గొంతెత్తి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మరి వీడు ఎవరి నుంచి దాక్కుంటున్నాడు?

పరాయివాళ్ల ముందు పట్టుమని నాలుగు మాటలు మాట్లాడలేని దాన్ని, ఆవిడకి అదంతా చెప్పేశాను. అక్క తన అరచెయ్యి తిప్పి చూసుకుంది.

"రోజూ చేస్తున్నానా?"

ఫోను మోగినప్పుడు, పక్కింటి తలుపు ధడాలుమన్నప్పుడు నేనూ వాడి నోరు మూస్తానని అప్పుడే తట్టింది. "ఇద్దరం చేస్తున్నామక్కా."

ఆవిడ మమ్మల్ని తప్పుపట్టలేదు. "ఆ రోజు ఆ చెయ్యి మీ చెల్లెల్ని కాపాడింది. దాన్ని తిట్టుకోకండి. ఇక మీదట చప్పుడైతే ఎవరొచ్చారో పైకి చెప్పండి. నాన్నొచ్చాడు, పాలాయనొచ్చాడు, అంతే."

అదేం పెద్ద పని అనుకున్నాం. ఆ సాయంత్రం బావ బైకు ఆగింది. ఇద్దరిలో ఒక్కరమూ "నాన్నొచ్చాడు" అనలేకపోయాం. బావ లోపలికొచ్చి, "ఏంటలా చూస్తున్నారు, దెయ్యంలా ఉన్నానా?" అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లకి అక్క అప్పుడే అతనికి బస్తాల సంగతి చెప్పింది. మర్నాటి నుంచి బావ మెట్ల మీంచే "నాన్నొచ్చాడోచ్" అని అరుస్తూ రావడం మొదలుపెట్టాడు.

పిల్లాడికి నా పోలిక వచ్చిందని, నాలాగే నెమ్మది అని అందరూ అనేవారు. ఈ నెమ్మది నాదేనా అని ఆ వారం డైరీలో రాసి, కొట్టేశాను.

ఏడో వారంలో వాడు బాత్రూం గడప తట్టుకుని బోర్లా పడ్డాడు. పెదవి చిట్లింది. చెయ్యి నోటి దాకా వెళ్లి, ఆగిపోయింది. తర్వాత ఏడ్చాడు. అంత గొంతు ఆ ఒంట్లో ఎక్కడుందో, నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అక్క వాణ్ని ఎత్తుకుంది. చేతులు రెండూ వాడి వీపు మీదే ఉంచుకుంది.

కింది వాటా ఆవిడ కంగారుగా పైకొచ్చారు. "ఏమైందండీ? మీ ఇంట్లో ఎప్పుడూ పిల్లాడి గొంతే వినలేదు."

"పడ్డాడండీ," అంది అక్క, ఆ ఏడుపులో కూడా వినబడేంత గట్టిగా. "ఏడుస్తున్నాడు."